సూది రెండు మీద

తలుపు తీసింది కోడలు. చంకలో పిల్ల, భుజాన పాల మరకల తువ్వాలు.

"రేడియేషన్ చూసేవాళ్ళేనా? రండక్కా. గేటు చప్పుడైతే చాలు, వచ్చారా వచ్చారా అని మామయ్యగారు నా ప్రాణం తీస్తున్నారు."

కొలవడానికి వచ్చినామె చెప్పులు బయటే విప్పి, కాళ్ళకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుంది. మెడలో మీటరు వేలాడుతోంది.

హాల్లో సారు కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. ఒక కంటికి ఆపరేషన్ కట్టు. రెండో కంటికి ఎప్పట్నుంచో మసక. ఆమెని గుర్తుపట్టే అవకాశమే లేదు.

రియాక్టరు పేలినప్పుడు ఇల్లిల్లూ తిరిగి కొలిచిన ఆఫీసరు ఈయనే. ఆమె ఇంట్లోనూ ఇలాగే మీటరు పెట్టి చూశారు. "సూది రెండు మీదుందమ్మా. ఏం భయంలేదు. పిల్లని పెరట్లో ఆడుకోనివ్వు" అన్నారు.

ఆమె ఆడుకోనిచ్చింది.

సూది ఒక్కటే చూస్తే చాలదని అప్పుడు ఆమెకి తెలియదు. మీటరు పక్కన ఒక స్విచ్ ఉంటుంది. అది ఒకటి మీద ఉంటే రెండంటే రెండే. వంద మీద ఉంటే రెండంటే రెండొందలు. రెండులో పసిపిల్ల నేల మీద పాకచ్చు. రెండొందల్లో గోడ మీద బల్లి కూడా ఉండకూడదు.

ఆ రోజు స్విచ్ వంద మీద ఉంది. వీధులకి వీధులు ఖాళీ చేయించాల్సొస్తుందని పైవాళ్ళు కంగారుపడ్డారు. సారు స్విచ్ సంగతి మింగేశారు. పక్కనే నిలబడి చూసిన వ్యాన్ డ్రైవరు, మనసులో దాచుకోలేక, ఎన్నాళ్ళకో ఆమెకి చెప్పాడు.

అప్పటికే ఆమె కూతురు బుజ్జి మెడలో గడ్డ తేలింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కింది గానీ గొంతు పోయింది.

కొలిచే పనికి మనుషులు కావాలన్నప్పుడు ఆమె అందుకే చేరింది. ఏదో ఒకనాడు ఈ గుమ్మం తగలకపోదని. రియాక్టరు దగ్గర మట్టి తవ్వుతుంటే దుమ్ము ఇటు లేచిందని పుకారు పుట్టింది. ఈ వీధి వంతు వచ్చింది.

వ్యాన్ దిగేముందే ఆమె స్విచ్ తిప్పి పెట్టుకుంది. దాని చుట్టూ ఉన్న అంకెలు వేళ్ళ రాపిడికి ఎప్పుడో అరిగిపోయాయి. ఎక్కడ ఉందో తిప్పిన చేతికే తెలియాలి.

పిల్ల పడుకునే పరుపు చూసింది. పాకే చాప చూసింది. దుమ్ము చేరే కిటికీ గట్లు, పెరట్లో పిల్ల కోసం పోయించిన ఇసుక, అన్నీ తీరిగ్గా చూసింది.

"ఎంత?" అన్నారు సారు.

"రెండు సార్."

"అమ్మాయ్, నువ్వు చూడు."

కోడలు తొంగిచూసింది. "అవును మామయ్యా, రెండే."

సారు గట్టిగా ఊపిరి వదిలారు. "స్విచ్ ఎక్కడుంది?"

ఆమె మీటరు కట్టేసింది. సంచిలో పెట్టి జిప్పు లాగింది.

"సూది రెండు మీదుంది సార్. ఏం భయంలేదు. పిల్లని పెరట్లో ఆడుకోనివ్వండి."

సారు తల మెల్లగా ఆమె వైపు తిరిగింది. "ఎవరు నువ్వు?"

"రైలు గేటు వెనక వీధి సార్, చివరిల్లు. పెరట్లో మా పాప ఉయ్యాల ఉండేది. మీరే ఒక ఊపు ఊపి, బాగుందన్నారు."

సారు వేళ్ళు కుర్చీ చేతుల్ని పట్టుకున్నాయి. "ఇంకోసారి పెట్టి చూడమ్మా."

"ఇంటికి ఒక్కసారే సార్. వీధిలో ఇంకా బోలెడు ఇళ్ళున్నాయి. ఇంకోసారి చూడమని ఆ రోజు నేను బతిమాలితే మీరు చెప్పిన జవాబే ఇది."

"ఏంటి మామయ్యా ఇది?" కోడలికి విసుగొచ్చింది. "రెండేగా. నేనూ చూశానుగా. భయంలేదని ఆవిడ అంటుంటే మీరెందుకిలా వణికిపోతున్నారు?"

"రెండు కాకపోవచ్చు."

"సూది అబద్ధం చెబుతుందా?"

సారు పెదాలు తడుపుకున్నారు. "సూది చెప్పదు. నేను చెప్పాను."

కోడలు పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "మీ పాపకి ఏమైందక్కా?"

ఆమె రెండు చేతులూ కలిపి మెల్లగా చప్పట్లు కొట్టింది. "అమ్మా అని పిలవాలంటే ఇలా పిలుస్తుంది."

కోడలు పాలసీసా ఒక్కటే అందుకుంది. బట్టలు ముట్టుకోలేదు. పిల్ల బొమ్మ కోసం చేయి చాపితే ఆ చేతిని వెనక్కి లాగేసింది.

"ఎక్కడికమ్మా?"

"మా అమ్మ దగ్గరికి."

"నేనూ వస్తాను."

"మీరెందుకు మామయ్యా? రెండేగా."

గేటు దడాలున పడింది. సారు గోడ తడుముకుంటూ ఆ వెనకే వీధిలోకి వచ్చారు. అప్పటికే ఆటో కదిలిపోయింది.

"వేరేవాళ్ళని పిలిపించి చూపిస్తా," అన్నారు, ఎవరితోనో తెలియకుండా.

"పిలిపించండి సార్. అందరూ మీ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే," అంటూ ఆమె వ్యాన్ ఎక్కింది.

సారు అక్కడే నిలబడిపోయారు. చెప్పులు ఇంట్లో ఉన్నాయి. తెచ్చుకోవడానికి కూడా లోపలికి అడుగు పడలేదు.

ఆనాటి డ్రైవరే అద్దంలోంచి ఆయన్నే చూస్తూ బండి తీశాడు.

"ఎంతొచ్చిందక్కా?"

"రెండు."

వీధి మలుపు తిరిగాక, అతను భయంభయంగా అడిగాడు. "స్విచ్?"

"ఒకటి మీదే తమ్ముడూ," అందామె సీటుకి తల ఆనించి, "ఇవాళ చూసిన ఇళ్ళన్నిట్లోకీ శుభ్రమైన ఇల్లు అదే."