అంగుళం

"పచ్చ గుర్తు కనిపించిందా?" కారు తలుపు దగ్గర వంగి అడిగాడు కొడుకు.

"రెండు వైపులా కనిపించిందిరా," అంది తల్లి.

అతను పాప కారు సీటు బేస్‌ను రెండు చేతులతో పట్టుకుని గట్టిగా కుదిపాడు. సీటు సందులోని ఇనుప కడ్డీలను దాని కొక్కేలు పట్టుకునే ఉన్నాయి. కదల్లేదు.

"నా కారులో పాసయ్యావు. ఇంకా రెండున్నాయి."

పాపకు మూడు నెలలు. కోడలు మళ్ళీ ఉద్యోగంలో చేరగానే మనవరాలిని తానే చూసుకుంటానని ఆమె అడిగింది. రోజూ పొద్దున వచ్చి తన ఇంటికి తీసుకువెళుతుంది, సాయంత్రం తెచ్చి దింపుతుంది. కొడుకు కాదనలేదు. ఒక్క షరతు పెట్టాడు. పాప సీటు కింద బిగించే ఈ బేస్‌ను మూడు కార్లలోనూ ఆమె ఒక్కతే బిగించగలగాలి. ఏ రోజు ఏ కారు అవసరమవుతుందో ఎవరికి తెలుసు?

బిడ్డ మీద వాడికున్న శ్రద్ధ చూసి ఆమెకు ముచ్చటేసింది.

"నీ చిన్నప్పుడు ఇవన్నీ ఎక్కడివిరా? నిన్ను వర్క్‌షాపులో నా కుట్టుమిషన్ కింద పేలికల్లో పడుకోబెట్టేదాన్ని. ఆ టకటకకే నిద్రపోయేవాడివి."

"తెలుసమ్మా," అన్నాడు.

తర్వాత ఆమె పాత కారు. అందులో కడ్డీలు లేవు, సీటు బెల్టే ఆధారం. ఆమె బెల్టును బేస్ గాడిలోంచి దూర్చి, మోకాలితో అదిమిపట్టి, పిడికిట్లో చుట్టుకుని లాగి, పైన మూత నొక్కింది. కార్ల సీట్లకు ముప్పై ఏళ్లుగా కవర్లు కుడుతున్న చేతులవి. రెక్సిన్ లాగి పట్టిందంటే మడత అనేదే ఉండదు.

"ఏ కోణంలో ఉండాలో చూద్దాం. లోపల టేబుల్ మీద కాగితం ఉంది, తెస్తావా?" అన్నాడు కొడుకు.

ఆమె తెచ్చింది. చదివారు. అతను బేస్ మీద చెయ్యి వేశాడు. అది పక్కకు జారింది.

"అంగుళం కంటే ఎక్కువ కదలకూడదమ్మా. ఇది రెండంగుళాలు వచ్చింది."

"గట్టిగానే లాగానే..."

"లాగావులే. పట్టు చాల్లేదు."

ఆమె తన అరచేతుల వంక చూసుకుంది.

ఆ వారమంతా బేస్ వర్క్‌షాపులోనే ఉంది. కవర్లకు వచ్చిన ప్రతి బండిలోనూ బిగించి చూసింది. ఒకదాంట్లో మధ్య సీటు మిట్టగా ఉండి బేస్ ఊగింది, కిటికీ పక్కకు మార్చింది. ఒకదాంట్లో తోలు సీటు జారుడుగా ఉంది, మరో రెండు పట్లు లాగింది. మేస్త్రి వచ్చి కాలితో తన్ని చూశాడు.

"అక్కా, ఇక ఈ బేస్ కదలాలంటే ముందు కారు కదలాలి," అన్నాడు.

"మా వాడి ముందు మాత్రం కదులుతోందయ్యా. పరీక్ష అంటే భయం కాబోలు నాకు."

మళ్ళీ సెలవురోజున కోడలి కారు. అందులోనూ బెల్టే. కోడలు పాపను ఎత్తుకుని పక్కనే నిలబడి చూసింది.

"భలే బిగించారు అత్తయ్యా," అంది. అంతలో పాప ఏడుపందుకుంది. "పాలసీసా లోపల మరిచిపోయాను."

"ఇద్దరూ వెళ్ళండి. నువ్వు పాలు కలిపేలోగా అమ్మ పాపను ఊరుకోబెడుతుంది," అన్నాడు కొడుకు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి అతను కారుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"నువ్వే చూడమ్మా."

ఆమె బేస్‌ను పట్టుకుంది. వదులుపన్నులా ఊగింది.

కోడలే తేరుకుని, "మళ్ళీ ఒకసారి బిగిస్తే సరి. దానికేముంది?" అంది.

"పాప అందులో కూర్చున్నాక మళ్ళీ ఒకసారి ఉండదు," అన్నాడతను మెల్లగా. తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. "నీ తప్పు కాదమ్మా. వయసుతో వేళ్ళలో పట్టు తగ్గుతుంది, మనకే తెలియదు. మా ఆఫీసు పక్కన ఒక క్రెష్ ఉంది, అడిగి చూస్తాను."

"వాడు చెప్పింది నిజమే తల్లీ," అంది ఆమె కోడలితో. "నా గొప్పకు పోయి పసిదాన్ని ప్రమాదంలో పెట్టలేను. నువ్వేం బాధపడకు."

పాప వేలు పట్టుకోబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకుంది. తన కారులో కూర్చుని మేస్త్రికి ఫోన్ చేసింది.

"రేపటినుంచి నేను రాను."

"అదేంటక్కా? బస్సు సీట్ల పని సగంలో ఉంది."

"వేరేవాళ్ళకి ఇచ్చెయ్. చేతులు పోయాయయ్యా. పసిపిల్ల బెల్టు నిలపలేనిదాన్ని, బస్సు సీట్లేం కుడతాను?"

"ఎవరన్నారక్కా ఆ మాట?"

"నా కొడుకే చూశాడు. వాడు నాకు అబద్ధం చెప్పడు," అని ఫోన్ పెట్టేసింది.

కొడుకు గేటు దాకా వచ్చి, జాగ్రత్తగా వెళ్ళమని చెప్పి చెయ్యి ఊపాడు. ఆమె కూడా ఊపింది. కోడలు పాపతో లోపలికి వెళ్ళింది.

పాత కారు మలుపు తిరిగాక, అతను భార్య కారులో తాను వదులు చేసిన బెల్టును మళ్ళీ బిగించాడు.