పెట్రోలు ముల్లు

పుల్లారావు బాబాయ్,

మీరు కరెంటుకు మారుస్తున్న మా కారు తీసుకెళ్లడానికి నెలాఖరున నాన్న మీ షెడ్డుకు వస్తున్నారు. ఫోనులో చెబితే ఆయన వింటారు. ఆయనకు చదవడం రాదు కాబట్టి కార్డు రాస్తున్నాను.

నిన్న మీరు ఫోనులో నవ్వారు: "ఏందమ్మాయ్, మీ నాయన చెడిపోయిందన్న పెట్రోలు ముల్లు చక్కంగా తిరుగుతుందే! ట్యాంకులో పెట్రోలు మట్టం చెప్పే తేలే గుండూ బాగుంది. ఆ ముల్లునే బ్యాటరీకి కలిపేస్తా."

కలపొద్దు. పాతది పాడైందని నాన్నకు చెప్పి, కొత్తది బిగించండి.

అప్పట్లో అమ్మను నాన్న ఈ కారులో నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో పెట్రోలు అయిపోయింది. అమ్మ కారులోనే చనిపోయింది.

"ముల్లు సగం చూపిచ్చిందే" అని నాన్న ఇప్పటికీ అంటారు. ఆ తప్పు ముల్లుదిగానే ఉండనివ్వండి.

ఇరవయ్యో తేదీలోగా జవాబు రాయండి.

అపర్ణ, కారంపూడి