రెండుసార్లు నొక్కితే

కళ్లజోళ్ల షాపాయన పొద్దున్నే మేడ దిగేసరికి, ఎవరో తన కారు అద్దానికి ముఖం ఆనించి లోపలికి చూస్తున్నాడు.

"ఏం కావాలి?"

ఆ మనిషి ఉలిక్కిపడలేదు. మాసిన చొక్కా, భుజాన సంచి, చేతిలో చిన్న డబ్బా.

"మీ కారు తాళం ఒకసారి చూడాలి సార్. అరగంట పని. డబ్బులేం వద్దు."

డబ్బులొద్దన్నాక ఇంక అనుమానమేముంది? దొంగే.

"ఇంకోసారి ఈ వీధిలో కనిపిస్తే కాళ్లు విరగ్గొడతా."

"ఒక్క మాట వినండి సార్. ఆ తాళం మంచిది కాదు..."

"నడువ్."

ఆయన భయానికి కారణం లేకపోలేదు. పోయినేడాది ఎదురింటివాళ్ల కారు పోయింది. అద్దం పగల్లేదు, తాళం విరగలేదు. ఇద్దరొచ్చారు. ఒకడు డబ్బా పట్టుకుని ఇంటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు, ఇంకొకడు కారు దగ్గర. ఇంట్లో మేకుకు వేలాడుతున్న తాళంచెవి సిగ్నల్‌ని ఆ డబ్బా కారు దాకా మోసుకెళ్లింది. యజమానే వచ్చాడనుకుని కారు తలుపు తీసేసింది.

అప్పట్నుంచి కళ్లజోళ్లాయనకు కంటి మీద కునుకు లేదు. సిగ్నల్ బయటికి పోకుండా తాళంచెవిని మూతున్న స్టీలు డబ్బాలో దాచడం మొదలుపెట్టాడు. స్టీరింగుకి ఇనుప కడ్డీ బిగించి తాళం వేశాడు. ఈగ వాలినా కూతపెట్టే అలారం పెట్టించాడు. అదీ చాలక, కారుని ఒక షాపులో వదిలి కొత్త రకం తాళం వేయించాడు. బటన్ రెండుసార్లు నొక్కితే చాలు, బయటినుంచే కాదు, లోపలినుంచి కూడా తలుపులు రావు. దొంగ అద్దం పగలగొట్టి చెయ్యి పెట్టినా పిడి పనిచెయ్యదు.

"బాల్కనీలోకి వచ్చినప్పుడల్లా రెండుసార్లు నొక్కు. నొక్కి, చెవి డబ్బాలో పడెయ్," అని భార్యకు నూరిపోశాడు.

"నన్నెప్పుడైనా ఇంత జాగ్రత్తగా చూసుకున్నారా?" అందావిడ. నొక్కడం మాత్రం మానలేదు.

ఆ రోజు పదకొండింటికి, కారులో ఫ్రేముల పొట్లం ఉండిపోయిందని ఆయనకు గుర్తొచ్చింది. భార్య పైనుంచి బటన్ నొక్కి కారు తెరిచింది. తీరా చూస్తే పొట్లం చిరిగి ఫ్రేములన్నీ వెనక సీటు కిందికి జారాయి. వచ్చేపోయే బండ్లకు అడ్డమని ఆయన లోపలికెక్కి తలుపు లాక్కుని, కిందికి వంగి ఒక్కొక్కటే ఏరసాగాడు.

ఆవిడ ఆఫీసుకి బయల్దేరుతూ తొంగిచూసింది. కారు దగ్గర ఎవరూ లేరు. షాపుకి వెళ్లిపోయి ఉంటాడనుకుంది. రెండుసార్లు నొక్కి, తాళంచెవి డబ్బాలో పెట్టి, వెళ్లి బస్సెక్కింది.

టక్. టక్.

ఆయన తల పైకెత్తాడు. పిడి లాగాడు. రాలేదు. అటు తలుపు లాగాడు. అదీ రాలేదు.

అద్దాలు దిగవు. ఫోను మేడ మీద ఉంది. అద్దం పగలగొట్టడానికి ఇనుప కడ్డీ కళ్లెదుటే ఉంది గానీ, దానికి తాళం. ఆ తాళంచెవీ స్టీలు డబ్బాలోనే. మోచేత్తో పొడిస్తే మోచెయ్యే వాచింది. దొంగ కోసం చేసిన ఏర్పాట్లన్నీ ఆయన్ని మాత్రం చక్కగా పట్టుకున్నాయి.

ఆయన కదలికలకు అలారం కూయడం మొదలుపెట్టింది. ఆయన కేకలు ఆ మోతలో కలిసిపోయాయి.

"కళ్లజోళ్లాయన కారు మళ్లీ మొదలెట్టింది," అన్నాడు ఎదురు షాపు దర్జీ, మిషను ఆపకుండా. "పిల్లి ఏదో ఎక్కుంటుంది."

అరగంట గడిచింది. ఎండ నేరుగా కారు మీదే ఉంది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది, నాలుక పిడచకట్టుకుపోయింది. గుండె మాత్రలు పైన ఉన్నాయి. ఇక్కడే ఇలాగే పోతానేమోనని ఆయనకు నిజంగా భయమేసింది.

అప్పుడు అద్దం అవతల ఒక ముఖం కనిపించింది. పొద్దుటి మనిషే. చేతిలో అదే డబ్బా.

"కదలకండి సార్. రెండు నిమిషాల్లో తీసేస్తా."

తనతో సహా కారు ఎత్తుకుపోతాడనుకున్నాడు కళ్లజోళ్లాయన. అలారం ఒక్క క్షణం ఆగగానే, మిగిలిన ఊపిరంతా కూడదీసుకుని అరిచాడు.

"దొంగ... దొంగ..."

అలారానికి కదలని వీధి ఆ మాటకు కదిలింది. దర్జీతో పాటు పదిమంది వచ్చి పడ్డారు. డబ్బాని తొక్కి పిండి చేశారు. అతని చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నారు.

"నన్ను తర్వాత కొట్టండి," అంటున్నాడతను. "ముందు ఆ అద్దం పగలగొట్టండి. మధ్యలో కాదు, మూల మీద కొట్టండి. మూల మీద కొడితేనే పగులుతుంది."

ఎవరో రాయి తీసుకుని మూల మీద కొట్టారు. కళ్లజోళ్లాయన్ని బయటికి లాగి నీళ్లు తాగించారు. రెండు గుక్కలు తాగి ఆయన అన్న మొదటి మాట, "పొద్దున కూడా వీడే."

సాయంత్రం పోలీస్ స్టేషన్‌లో ఎస్సై ఒక నోటుపుస్తకం చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"అతని సంచిలో దొరికింది. అన్నీ కార్ల నంబర్లే. మీదీ ఉంది."

"నే చెప్పలేదా?"

"పూర్తిగా వినండి. మీ కారుకి ఆ తాళం బిగించింది అతనే. మూణ్ణెల్ల క్రితం ఆ షాపులో పని మానేశాడు. అప్పట్నుంచీ తను బిగించిన కార్లన్నీ వెతుక్కుంటూ తిరిగి, తన పనిముట్ల డబ్బాతో ఆ తాళాలు ఊరికే తీసేస్తున్నాడు. నలభై ఒకటి తీశాడు. ఇంకా అరవై మిగిలాయి."

కళ్లజోళ్లాయన ఆ నోటుపుస్తకం వైపు చూశాడు. "ఇప్పుడెక్కడున్నారు?" అన్నాడు.

"ఆసుపత్రిలో. కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది. ఇక ఆ చేత్తో సన్నపని చెయ్యలేడన్నారు డాక్టరుగారు."

లోకానికి కళ్లజోళ్లు అమ్మే మనిషి తల దించుకున్నాడు.

"అమ్మింది షాపువాళ్లు. కొనుక్కుంది మేము. ఆయనకెందుకండీ ఇంత?"

ఎస్సై పుస్తకం మొదటి పేజీ తెరిచి ముందుకు జరిపాడు.

"మొదట బిగించుకుంది తన కారుకే. మూణ్ణెల్ల క్రితం ఒకరోజు, వెనక సీట్లో భార్య పడుకుని ఉందని చూసుకోకుండా, తాళం వేసి పనికి వెళ్లిపోయాడు."