ఇంట్లో ఎంతమంది

"ఈ దేశంలో మనకేం భయం బాబూ? నేను రైల్లో గొడుగు మరిచిపోతే, అది నాకంటే ముందే ఇంటికొచ్చి గుమ్మంలో ఆరుతోంది," అన్నాడు షిగెహికో.

ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి, ఎవరెవరున్నారో కార్డు మీద రాయించుకునే పేట పోలీసు కుసునోకి నవ్వాడు. షిగెహికో భార్య ఫుమియే అతనికి టీ పోస్తోంది.

"గొడుగులకేం భయం లేదు తాతగారూ. మొన్న ఎన్నికల సభలో బాంబు విసిరినవాడు మన దేశం వాడే. సొంత గదిలో కూర్చుని చేశాడు."

"వెనకాల ముఠా ఉండే ఉంటుందిలే."

"ముఠా అయితే మేం పసిగడతాం. తలుపేసుకుని కూర్చున్న ఒక్కణ్ణి ఎలా పట్టేది? గొట్టాలూ పొడులూ పార్సిల్లో తెప్పించాడు. వాళ్లమ్మే సంతకానికి బదులు ఇంటి ముద్ర వేసి తీసుకుని గది ముందు పెట్టేదట."

ఫుమియే చేయి ఆగిపోయింది. మేడమీద కొడుకు ర్యోతా తలుపేసుకుని ఏడేళ్లు. ఈ నెల వాడికొచ్చిన నాలుగు బరువైన డబ్బాలకు ఆమే ముద్ర వేసింది. ఏముందని అడిగితే ఎక్కడ అన్నం మానేస్తాడోనని అడగలేదు.

"మా ఇంట్లో ఆ గొడవే లేదు. మేమిద్దరమే," అంటూ షిగెహికో ప్రతి ఏడూ రాసినట్టే రెండు పేర్లు రాశాడు.

ఫుమియే కార్డు లాక్కుని మూడో పేరు రాసింది.

"ఏమిటే ఇది, పరువు..."

"మన బిడ్డ గదిలో ఏముందో మనకే తెలీదండీ."

కుసునోకి మేడమెట్ల వైపు చూసి లేవబోయాడు.

"మీరు కూర్చోండి బాబూ," అంది ఫుమియే. "ముందు నేనే తలుపు కొట్టాలి. ఏడేళ్లలో ఒక్కసారీ కొట్టలేదు."