గరాజ్‌లో ఆయుధ పూజ

తేజేశ్వర్ గరాజ్‌లో రైఫిల్ మళ్లీ విప్పాడు. పొద్దున కొత్త ట్రిగ్గర్ బిగించిన దగ్గర్నుంచి అది పేలడం లేదు.

“బగ్ కొత్తగా మార్చినదాంట్లోనే ఉంటుంది. పాత పార్ట్స్ నిన్నటిదాకా బానే వర్క్ చేశాయిగా!” అన్నాడు, కోడ్ గురించి మాట్లాడినట్టే.

“దసరా పూట ఎందుకండీ ఇది? వదిలెయ్యండి,” అంది అతని భార్య త్రివేణి.

“సోమవారం ఆఫీస్‌కి వెళ్లాలి.”

“జాబ్ తీసేశారు కదా, ఇంకా ఆఫీసేంటి?”

“మేనేజర్‌తో పనుంది.”

అతని చూపు బయట ఉన్న కారు మీద పడింది. బానెట్ మీద పసుపు, కుంకుమ ఇంకా ఆరలేదు.

“కారుకి పూజ చేశాం, దీన్ని మర్చిపోయాం. అందుకే మొరాయిస్తోంది. కుంకుమ భరిణె పట్రా,” అన్నాడు నవ్వుతూ.

త్రివేణి కదల్లేదు. పొద్దున అతను రైఫిల్ విప్పి పెట్టి స్నానానికి వెళ్లినప్పుడు, ఆమె అందులోంచి ఒక చిన్న పిన్ను తీసేసింది. అది లేకపోతే తూటా పేలదు. ఆ పిన్ను ఇప్పుడు భరిణెలో, కుంకుమ అడుగున ఉంది.

“సరే, నువ్వుండు. నేనే తెస్తా,” అంటూ తేజేశ్వర్ లేచాడు.