ఇద్రీస్ అమ్మిన మిషన్

స్వర్ణ తన బర్రెల మేత కోసం షాద్‌నగర్‌లో ఇద్రీస్ అనే ముసలాయన దగ్గర పాత బేలర్ కొన్నది. ట్రాక్టర్ వెనక తగిలిస్తే పొలంలోని వరిగడ్డిని ఏరుకుని, నలుచదరపు కట్టలుగా కట్టి పడేసే మిషన్ అది.

అమ్మిన మర్నాటి నుంచీ ఇద్రీస్ రోజూ ఫోన్ చేసేవాడు. "గ్రీజు పెట్టినవా బిడ్డా? దారం మంచిగ వస్తున్నదా?" అన్ని ఆరాలు తీస్తుంటే, ఏదో లోపం దాచి అంటగట్టాడని స్వర్ణకు అనుమానం పట్టుకుంది.

ఒకరోజు పొలంలో కట్టలన్నీ విడిపోయి పడ్డాయి. అనుకున్నంతా అయిందని స్వర్ణకు మండిపోయింది. "చిచ్చా, ముడి పడతలేదు. జర వచ్చి చూడు," అని ఫోన్ చేసింది.

ఇద్రీస్ బండి మీద వచ్చేసరికి ఆమె ముడి వేసే కొక్కెంలో ఇరుక్కున్న గడ్డిని పీకేసి, దారం కోసే కత్తికి సాన పట్టి, మళ్లీ ట్రాక్టర్ తోలుతోంది. కట్టలు బిగుతుగా దిగుతున్నాయి. వాటిని చూసి ఇద్రీస్ ముఖం చిన్నబోయింది.

"మంచిగైతే గట్ల చూస్తవేంది చిచ్చా? ఏం దాచినవో ఇప్పుడన్న చెప్పు," అంది స్వర్ణ.

"దాచిందేం లేదు బిడ్డా. అమ్మిన గాని మనసు దానిమీదనే ఉన్నది. దానితోని నువ్వు విసిగిపోతే వాపస్ అడుగుదామని రోజు ఫోన్ చేసిన."

స్వర్ణ నవ్వు ఆపుకోలేకపోయింది. ట్రాక్టర్ దిగి, "మిషన్ ఇయ్య గాని, మిగిలిన మడిల గడ్డి నువ్వే కట్టు," అంది.

ఆ మాట పూర్తయ్యేలోపే ఇద్రీస్ సీటెక్కి కూర్చున్నాడు.