పిల్లల టికెట్టుకి రుజువు

"ఈ శనివారమంటే ఈ శనివారమే! వచ్చే వారం, ఆపై వారం అంటే కుదరదు."

ట్రావెల్ ఏజెంటు ఎదుట ఆయన కుదురుగా కూర్చుంటే ఒట్టు. కూర్చుంటాడు, లేస్తాడు, గోడ మీది రంగులరాట్నం పోస్టరు చూస్తాడు, మళ్ళీ ఫోను చూసుకుంటాడు.

"పది రోజులైందండీ మా పాప నాతో మాట్లాడి. ఎనిమిదేళ్ళ పిల్లకి అంత పంతమా! వాళ్ళమ్మా అంతే, మూతి ముడుచుకుని ఓ మూల కూర్చుంటుంది. ఈ థీమ్ పార్కుకి తీసుకెళ్తేనన్నా ఇంట్లో నవ్వు వినబడుతుందని నా ఆశ."

ఆ చివరి మాటకి ఆయన గొంతు నిజంగానే వణికింది. ఎవరికైనా అయ్యో పాపం అనిపిస్తుంది.

"ఆ పార్కే ఎందుకండీ?" అడిగింది ఏజెంటు.

"మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు వెతుకుతుంటే ఇది దొరికింది." పార్కు బొమ్మలున్న కరపత్రం బల్ల మీద పెట్టాడు. "కింద మీ ఆఫీసు పేరుంది. తను ఇక్కడికొచ్చిందా?"

ఆమె కంప్యూటరు మీంచి చూపు తిప్పలేదు. "గుమ్మం దగ్గర కట్ట పెడతాం. దారినపోయేవాళ్ళంతా పట్టుకెళ్తుంటారు."

"అంతే అయ్యుంటుంది. టికెట్లేవైనా నా ఫోన్లోంచే కొనాలి. తనకంత తెలివెక్కడిది!"

ఆమె నవ్వింది గానీ, వేళ్ళు మాత్రం తప్పు మీటలు నొక్కుతున్నాయి. "శనివారం పెద్ద రైడ్లన్నీ రిపేరులో ఉంటాయి. అంత దూరం తీసుకెళ్ళి పిల్లని ఉసూరుమనిపిస్తారా? వచ్చే శుక్రవారం వెళ్ళండి."

ఆయన లేచాడు, సణిగాడు, కూర్చున్నాడు. "సరే, కానివ్వండి."

"అక్కడ చలెక్కువ. పెద్ద సూట్‌కేసు ఇవాళే దించమనండి, బట్టలు దండిగా కావాలి." రసీదు రాస్తూ అంది. "ఇంకోటి. పిల్లల టికెట్టుకి వయసు రుజువు తప్పనిసరి. పాప పుట్టినతేదీ సర్టిఫికెట్టు అసలుదే ఉండాలి, తల్లి గుర్తింపు కార్డూ ఉండాలి. రెండూ ఇవాళే ఆవిడ చేతికివ్వండి. మగవాళ్ళు ఎక్కడో పెట్టి మర్చిపోతారు!"

"కాగితాలన్నీ బీరువాలోనే. తాళం నా దగ్గరుంటుంది, వెళ్ళగానే తీసిస్తా." అక్కడే ఇంటికి ఫోను చేశాడు. "ఏంటీ, రెండో రింగు దాకా తీయవు? ఎక్కడున్నావ్? సరేలే, పార్కుకెళ్తున్నాం. సూట్‌కేసు దించు, పాప బట్టలన్నీ సర్దెయ్. నేనే చెప్తున్నాగా, సర్దెయ్!"

ఫోను పెట్టేసి మురిసిపోయాడు. "ఏడుస్తోందండీ, సంతోషం పట్టలేక!"

రసీదు జేబులో వేసుకుని హుషారుగా మెట్లు దిగాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా అద్దం తలుపు దగ్గరే నిలబడి చూసింది ఏజెంటు. లోపలికొచ్చి గ్లాసుడు నీళ్ళు గటగటా తాగింది.

నిన్న ఆయన భార్యకి ఆమె ఇచ్చిన రెండు రైలు టికెట్లూ రేపటివి, వెళ్ళడానికే, రావడానికి కాదు.